గుర్రబ్బండి పగ్గాలు

మార్చి 3, సోమవారం

పెట్టె ఇవాళ విప్పాను. రెండు నెలలుగా బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. లోపల బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు మూడు, వాటికి అంటుకుని నలభై ఒక్క ముక్కలు. నాలుగు గుర్రాలు, ఒక్కోటి రెండు చెక్కలుగా. నాలుగు చక్రాలు, ఇరుసులు, బండి తొట్టె, పైన కప్పే గుడ్డ. బండివాడు, వాడి తల వేరుగా. గుర్రం నా బొటనవేలంత కూడా ఉండదు. ఎలా అతికించాలో చెప్పే కాగితం మీద బొమ్మలే తప్ప ఒక్క మాట లేదు. అది నాకు నచ్చింది. ఈమధ్య మాటలంటే విసుగ్గా ఉంది.

బావ ఫోన్ చేశాడు. "ఏరా బావమరిదీ, బండి మొదలెట్టావా? ఆఖరి యుద్ధం ఇరవై మూడో తారీకు ఆదివారం పెట్టేశాను. మందుగుండు బండి లేకపోతే యుద్ధమే లేదు."

"ఇవాళే విప్పాను బావా."

"రంగు పూర్తి కావాలి. తెలుసుగా."

తెలుసు. రంగు వేయని బొమ్మ బల్ల ఎక్కకూడదు. మా క్లబ్బులో పదిమందికీ అది చట్టం, రాసినవాడు బావే. రెండేళ్లుగా ఆడుతున్న బొమ్మల యుద్ధానికి ఇది ముగింపు. నా బండి బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి చేరితే నేను గెలిచినట్టు. మధ్యలో ఆపితే బావ గెలిచినట్టు.

పెట్టేసే ముందు మామూలుగా అడిగినట్టు అడిగాడు. "మీ అక్క కబురేమైనా తెలిసిందా?"

తెలీదన్నాను.

అక్క వెనక గదిలో కూర్చుని పేపరు చదువుతోంది.

మార్చి 4

నాలుగు గుర్రాలూ అతికాయి. ఒకదాని చెవి విరిగింది. ఫర్వాలేదు, రంగులో కలిసిపోతుంది.

మార్చి 6, గురువారం

అక్క వచ్చి ఇవాళ్టికి ఇరవై రోజులు. చేతిసంచీ ఒకటే తెచ్చుకుంది. పగలు బాల్కనీలోకి రాదు. బట్టలు కూడా లోపలే ఆరేస్తుంది, నా చొక్కాల మధ్య తనవి కనపడకుండా. వేరే ఊళ్లో హాస్టల్లో ఉన్నానని బావకి ఫోన్లో చెప్పి ఆ నంబరు తీసేసింది.

నేను ఎవరి పక్షమూ కాదు. ఇది ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను. మొగుడూ పెళ్లాల మధ్య మనం దూరకూడదు. నాన్న పోయిన ఏడాది నేను గదిలోంచి బయటికి రాకపోతే, బావే వచ్చి నా చేతిలో ఒక బ్రష్షు, ఒక సైనికుడి బొమ్మ పెట్టి "వీడి చొక్కా గుండీలకి రంగెయ్" అన్నాడు. పదకొండేళ్లయింది. నాకంటూ ఉన్న స్నేహితుడు అతనొక్కడే. బావ పద్ధతి గల మనిషి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది. పద్ధతి గలవాళ్లతో కాపురం కొంచెం కష్టమే, ఒప్పుకుంటాను. అంతకుమించి ఏముందో నాకు తెలీదు.

అక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 8, శనివారం

క్లబ్బుకి వెళ్లొచ్చాను. ఫొటో స్టూడియో పైన గది, మధ్యలో పచ్చగుడ్డ పరిచిన పెద్ద బల్ల. రూల్సు పుస్తకం పట్టుకుని కూర్చునే రిటైర్డ్ పోస్టుమాస్టర్ని మేమంతా జడ్జిగారు అంటాం. ఆయన తీర్పు చెప్పాక ఎవరూ నోరెత్తరు, బావ తప్ప.

బావ మామూలుగానే ఉన్నాడు. ఎవడిదో ఫిరంగి పావు అంగుళం ముందుకొచ్చిందని స్కేలు పెట్టి మళ్లీ వెనక్కి నెట్టించాడు. ఓడిపోయి పారిపోతున్న తన గుర్రపు దళాన్ని బల్ల దాటనివ్వలేదు, చివరి అంచు దగ్గర నిలబెట్టి వెనక్కి తిప్పాడు. ఎప్పుడూ అంతే, తన బొమ్మ ఒక్కటి బల్ల దిగిపోయినా ఊరుకోడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక అక్క అడిగింది, "ఆయన ఎలా ఉన్నారు?" అని. ఇంకా 'ఆయన' అనే అంటుంది.

"బాగానే ఉన్నాడు."

"ఉంటారు," అంది.

మార్చి 11, మంగళవారం

సిగ్గుపడాల్సిన పని చేశాను. ఈ బండికి ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి. నేను తిరగేసి అతికించాను. రోజంతా షాపు వెనక గదిలో కూర్చుని జనం కళ్లద్దాలకి లెన్సులు అరగదీస్తాను, వెంట్రుకవాసి తేడా వస్తే పట్టేస్తాను. నా ఇంట్లో నా బల్ల మీద ఇంత పెద్ద తేడా కనపడలేదు.

అక్క వచ్చి చూసి నవ్వింది. "ఒరేయ్, నీ బండి కొండ దిగుతోందా ఎక్కుతోందా?" వచ్చాక తను నవ్వడం అదే మొదలు. వేడినీళ్ల ఆవిరి పట్టి చక్రాలు ఊడదీస్తుంటే పక్కన కూర్చుని, చక్రాల్లో పుల్లల్లాంటి ఆకులు విరక్కుండా పట్టుకుంది. ఆ చేతులు వణకవు. పెళ్లికి ముందు, పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసింది, డాక్టర్లకి సామాన్లు అందిస్తూ. ఆరేళ్ల కిందట మానేసింది. బావే మాన్పించాడని ఇవాళ అంది.

ఇంకా చాలా అంది. చక్రం పట్టుకుని, చక్రం వైపే చూస్తూ.

"బజారుకి నడిస్తే పదకొండు నిమిషాలు. వెళ్లడానికి పదకొండు, రావడానికి పదకొండు, కొనడానికి పదిహేను. ఒకసారి నలభై నిమిషాలైంది. మిగతా మూడు నిమిషాలూ ఎక్కడికెళ్లాయని అడిగారు. నాకు గుర్తులేదురా. ఎవరో పలకరించి ఉంటారు. రెండ్రోజులు అదే ప్రశ్న. అరవరు కూడా. స్కేలు బల్ల మీద పెట్టుకుని నెమ్మదిగా అడుగుతూనే ఉంటారు. ఆ తరవాత పగటిపూట ఎప్పుడంటే అప్పుడు ఆఫీసునుంచి వచ్చి చూసిపోవడం మొదలెట్టారు. రోజుకి మూడుసార్లు. నా దగ్గర ఇంటి తాళంచెవి లేదు, తెలుసా? పన్నెండేళ్లు కాపురం చేసిన ఇంటికి."

"కొట్టాడా?" అన్నాను.

"లేదు. కొడితే చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండేది."

నేను జిగురు సీసాకి మూత పెట్టాను. మూతపెట్టకపోతే గడ్డకడుతుంది.

మార్చి 12

బావ రెండుసార్లు ఫోన్. రెండుసార్లూ బండి గురించే. అక్క చెప్పినదాంట్లో కొంత అతి ఉండొచ్చు. మనసు విరిగిన మనిషి కదా.

మార్చి 14, శుక్రవారం

ఇవాళ తప్పించుకున్నాం.

నిన్ననే బాల్కనీలో ప్రైమర్ కొట్టి ఆరబెట్టాను. ఇవాళ షాపునుంచి తొందరగా వచ్చి తొట్టెకి గోధుమరంగు వేస్తున్నాను. అక్క టీ పెట్టి నా గ్లాసు, తన గ్లాసు బల్ల మీదే పెట్టింది. తలుపు చప్పుడు. "ఏరా బావమరిదీ!"

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెప్పులు చేత పట్టుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది, గాలి కదిలినంత చప్పుడు కూడా లేదు. అంత బాగా నడవడం ఎక్కడ నేర్చుకుందో అప్పుడర్థమైంది.

తలుపు సగం తీసి అడ్డంగా నిలబడ్డాను. "బావా, లోపలికి రావద్దు. రంగు తడిగా ఉంది. దుమ్ము లేస్తుంది."

ఇంకెవరైనా అయితే నవ్వి నెట్టుకుని వచ్చేసేవాళ్లు. బావ ఆగాడు. తడి రంగు దగ్గర తలుపు తీయకూడదు, ఫ్యాను వేయకూడదు అని నాకు నేర్పిందే అతను. గడప బయటే నిలబడి "ఇలా తీసుకురా, చూస్తాను" అన్నాడు. పట్టుకోడానికి వీలుగా సీసా మూతకి అంటించిన బండిని రెండు చేతులా పట్టుకెళ్లాను. జేబులోంచి స్కేలు తీసి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కొలిచాడు. "బాగా కుదిరింది" అన్నాడు. తరవాత నా భుజం మీంచి గదిలోకి చూశాడు.

"రెండు గ్లాసులున్నాయేం?"

"ఒకటి టీ. ఒకటి బ్రష్షు కడిగే నీళ్లు."

"రెండూ టీలాగే ఉన్నాయి."

"గోధుమరంగు కదా బావా."

వెనక్కెళ్లి అక్క గ్లాసులో బ్రష్షు ముంచాను. ఆవిరి వస్తోంది దాంట్లోంచి. దేవుడా, ఆవిరి. అది అతనికి కనపడకుండా ఒళ్లు అడ్డం పెట్టి, ఆ టీతోనే బండి తొట్టెకి రంగు పులిమాను, చాలా శ్రద్ధగా, నాలిక కొన బయటపెట్టి మరీ. బావ కాసేపు చూశాడు. "కొంచెం పలచనైనట్టుంది, ఇంకో పూత వెయ్" అని మెట్లు దిగిపోయాడు.

అక్క పావుగంట తరవాత వచ్చింది. గ్లాసులో తేలుతున్న రంగు చూసి సింకులో పారబోసింది. ఇద్దరం నా గ్లాసులో టీ సగం సగం తాగాం.

మార్చి 16, ఆదివారం

అక్కకి ఉద్యోగం వచ్చింది! మూడు గంటల బస్సు దూరంలో ఉన్న ఊళ్లో ఆసుపత్రి, మళ్లీ ఆపరేషన్ థియేటర్ పనే. ఉండటానికి గది వాళ్లే ఇస్తారు. ఇరవై నాలుగో తారీకు పొద్దున ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేరాలి. లేకపోతే వెనకున్న మనిషిని తీసుకుంటారు.

సర్టిఫికెట్లు బావ బీరువాలో ఉన్నాయి. 'భద్రంగా ఉంటాయని' తీసుకుని దాచాడట. బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో అక్కకి తెలుసు: తూకపు రాళ్ల పెట్టెలో, అరకిలో రాయి కింద. ఇంటి తాళంచెవి నా దగ్గరుంది. వాళ్లు ఊరెళ్లినప్పుడు మొక్కలకి నీళ్లు పోయమని బావ ఇచ్చాడు, అడిగి తీసుకోవడం మర్చిపోయాడు. మర్చిపోయాడని కాదు. నేనంటే అతనికి నమ్మకం.

"పని రోజుల్లో కుదరదు," అంది అక్క. "ఆయన ఏ గంటకి ఇంటికొస్తారో ఎవరికీ తెలీదు. యుద్ధం రోజు మాత్రం బల్ల వదలరు. పది నుంచి రెండు దాకా. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా మధ్యలో లేచి రాలేదు. నువ్వు ఆదివారం ఆయన్ని అక్కడే ఉంచు. సర్టిఫికెట్లు తీసుకుని, నా బట్టలు నాలుగు సర్దుకుని, అమ్మ ఫొటో తీసుకుని ఒంటిగంటన్నర బస్సెక్కుతాను. ఎక్కి కూర్చోగానే నీకు ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేస్తాను. నువ్వేం చెయ్యక్కర్లేదురా, మామూలుగా ఆడు చాలు."

మామూలుగా ఆడు చాలు. సరే అనడానికి ఎంతసేపు తీసుకున్నానో తను గమనించింది. గమనించడంలో అక్కకి ఆరేళ్ల అనుభవం.

బండి శుక్రవారానికి పూర్తి కావాలి. బండి లేకపోతే యుద్ధం లేదు, యుద్ధం లేకపోతే అక్కకి ఆ నాలుగు గంటలూ లేవు.

మార్చి 18, మంగళవారం

గుర్రాలు పూర్తయ్యాయి. రెండు ఎరుపు, ఒకటి నలుపు, ఒకటి బూడిద మచ్చలది. చెవి విరిగింది ఆ మచ్చలదే, ఇప్పుడది నాకు అన్నిటికంటే ఇష్టం. పలచటి నల్లరంగు పోసి, ఆరాక పొడి బ్రష్షు మీద మీద ఆడిస్తే కండలు, పక్కటెముకలు పైకి తేలాయి. బాగా వచ్చాయి. పదకొండేళ్లలో నేను చేసిన వాటిల్లో ఇవే బాగున్నాయి. గొప్ప కాదు, నిజం.

పగ్గాల దగ్గరే పని చెడింది. కుట్టుదారానికి జిగురు పట్టించి గుర్రం నోటినుంచి బండివాడి చేతిదాకా లాగి కట్టాలి. ఎనిమిది ముడులు. నా ముడి ప్రతిదీ మినపగింజంత వచ్చింది. గుర్రానికి పంటినొప్పి వచ్చి గుడ్డ కట్టినట్టుంది. నేను విసుక్కుంటుంటే అక్క "ఇటియ్యి" అని, ఒక చేత్తో దారం పట్టి రెండో చేతి వేళ్లు రెండు తిప్పింది. ముడి పడిపోయింది. ఇసుకరేణువంత. మళ్లీ తిప్పింది, ఇంకోటి. రెండుసార్లు మెలి, తరవాత అడ్డంగా ఒకటి. కుట్లు వేసే ముడట. కొత్తలో కుర్చీ చేతికి దారం కట్టుకుని వందలసార్లు నేర్చుకుందట. పది నిమిషాల్లో ఎనిమిదీ కట్టేసింది.

పగ్గాలు బిగిశాక బండి మారిపోయింది. నాలుగు గుర్రాలూ నిజంగా లాగుతున్నట్టు ఉంది. అక్క కూడా కాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

మార్చి 19, బుధవారం

పొద్దున్నే అక్క అంది, "ఆ పగ్గాలు విప్పెయ్యరా. నా ముడి ఆయనకి తెలుసు. సంచి మూతికి నేను కట్టిన ముడి చూసి, అది ఎవరైనా విప్పి మళ్లీ కట్టారో లేదో చెప్పేవారు. నీ చేత్తో కట్టు, ఎలా వస్తే అలా."

విప్పేశాను.

మార్చి 21, శుక్రవారం

వార్నిష్ అయింది. అడుగుచెక్కకి ఇసుక అంటించి, రెండు గడ్డి కుచ్చులు పెట్టాను. ఫోన్లో ఫొటో తీసి బావకి పంపబోయి ఆగిపోయాను. "పూర్తయింది" అని మాట మాత్రం పంపాను. వెంటనే "భేష్" అని వచ్చింది.

మార్చి 22, శనివారం

ఆఫీసుకి వెళ్లే మనిషిలా అక్క సంచీ సర్దింది, తీసింది, మళ్లీ సర్దింది. తాళంచెవి తన చేతిలో పెట్టాను. "రేపు నీకు భయమేస్తే నా ముఖం గుర్తు తెచ్చుకోకు, రూల్సు గుర్తు తెచ్చుకో," అంది.

మార్చి 23, ఆదివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బండిని పెట్టెలో దూది మధ్య పెడుతుంటే అక్క వచ్చి పక్కన నిలబడింది. పెట్టెలోకి చూసింది. జాగ్రత్త అంది. అంతే.

పదికి మొదలైంది. బావ ఎదురుగా కూర్చున్నాడు, పక్కన నోటుపుస్తకం. రెండేళ్లుగా జరిగిన ప్రతి కదలికా అందులో రాసుకున్నాడు. బండి ఒక్కో విడతకి నాలుగు అంగుళాలు కదలాలి. నాలుగు, నాలుగు, నాలుగు. నా కాల్బలం అటూ ఇటూ కాపలా. పాచికలు నా మాట విన్నాయి. ఐదో విడతకి బండి బల్ల మధ్యకొచ్చింది. పదకొండూ నలభై.

"ఒకసారి చూడనీ," అని బావ బండిని చేతిలోకి తీసుకున్నాడు.

చక్రాలు చూశాడు. మచ్చల గుర్రాన్ని చూసి తల ఊపాడు. తరవాత కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి బండిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"పగ్గాలు ఎవరు కట్టారు?"

నేను విప్పలేదు. బుధవారం విప్పేశానని రాశాను. విప్పలేదు.

"నేనే బావా."

బావ బండిని నెమ్మదిగా దాని చోట్లో పెట్టాడు, మిల్లీమీటరు తేడా లేకుండా. రంగుల పెట్టె తీసి దారం ఉండ నా ముందుకు దొర్లించాడు. "ఒకటి కట్టి చూపించు."

జడ్జిగారు రూల్సు పుస్తకంలోంచి తలెత్తారు. "ఆటలో ఈ దారమేంటి?"

"ఒక్క నిమిషం జడ్జిగారూ. మావాడికి కొత్త విద్య వచ్చింది."

దారం తీసుకున్నాను. వేళ్లు రెండు తిప్పాను. అక్క ఎలా తిప్పిందో గుర్తుంది, వేళ్లకి మాత్రం గుర్తులేదు. మినపగింజంత ముడి పడింది. బావ ఆ ముడి చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అక్క చెప్పినట్టే, చాలా నెమ్మది.

"నీ ఇంట్లోనే ఉందన్నమాట. ఆ రోజు ఆ గ్లాసు."

నోటుపుస్తకం మూశాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. స్కేలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఒంటిగంటన్నరకి ఇంకా రెండు గంటలుంది. అక్క ఇప్పుడు అతని ఇంట్లో బీరువా ముందు నిలబడి ఉంటుంది. నా ఇంటికెళ్తే తాళం కనపడుతుంది, అక్కణ్ణుంచి తన ఇంటికెళ్తాడు. బావ తలుపు దాకా వెళ్లాడు. అడ్డం నిలబడదామంటే నా కాళ్లు కదల్లేదు. అడ్డం నిలబడే మనిషిని కాను నేను, ఎప్పుడూ కాలేదు.

చెయ్యి మాత్రం కదిలింది. బండిని పట్టుకుని ముందుకి జరిపాను. నాలుగు అంగుళాలు కాదు, ఇంకొంచెం ఎక్కువ.

"ఆరో విడత," అన్నాను గట్టిగా. "నాలుగు అంగుళాలు."

బావ వెనక్కి తిరిగి చూశాడు. తలుపు దగ్గర్నుంచే. "అది నాలుగున్నర."

"నాలుగే."

"నాలుగున్నర ఉంది."

"నాలుగే బావా. కావాలంటే కొలుచుకోండి."

ఒక అడుగు బయటికి వేశాడు. ఆగాడు. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనపడుతోంది. అర అంగుళం. అర అంగుళం తప్పుని వెనక వదిలేసి మెట్లు దిగడం అతని వల్ల కాలేదు. తిరిగొచ్చి స్కేలు తీశాడు.

"నాలుగున్నర. జడ్జిగారూ, చూడండి."

జడ్జిగారు చూసి, అర అంగుళం వెనక్కి పెట్టమన్నారు. అంతటితో అయిపోవాలి. అవనివ్వకూడదు.

"ఇందాక కూడా అలాగే జరిపాను," అన్నాను. "అన్ని విడతలూ. అర అంగుళం, అర అంగుళం. మీరు పాచికలు చూస్తున్నప్పుడు."

పదకొండేళ్లలో నేనొక్క దొంగాట ఆడలేదని అందరికీ తెలుసు.

"అన్నీనా?" బావ గొంతు మారింది.

"పోయిన నెల వంతెన యుద్ధంలో కూడా. అంతకుముందు కూడా. రెండేళ్లుగా."

అన్నీ అబద్ధాలే. ఒక్కటి కూడా తడబడకుండా చెప్పాను. అంత తేలిగ్గా అబద్ధమాడటం నాకు ఈ నెలరోజుల్లోనే వచ్చింది, బావకి ఆడి ఆడి. బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నోటుపుస్తకం తెరిచాడు. "మొదటినుంచీ చూద్దాం," అన్నాడు. "ప్రతిదీ. మొదటి కదలిక నుంచీ. బొమ్మలన్నీ వెనక్కి పెట్టండి."

జడ్జిగారు "ఇప్పుడా?" అన్నారు. బావ వినలేదు. ఇవాళ్టి యుద్ధం అంతా వెనక్కి తిప్పించి, ప్రతి విడతా కొలిచాడు. కొలత సరిగ్గా వచ్చిన ప్రతిసారీ నేను "అది కాదు, తరవాతది" అన్నాను. వంతెన యుద్ధానికి వెళ్లాడు. బల్ల మీద వంతెన పెట్టించాడు. పన్నెండున్నర. రెండుసార్లు తలెత్తి తలుపు వైపు చూశాడు. రెండుసార్లూ ఇంకో తప్పు ఒప్పుకున్నాను. మిగతావాళ్లు ఒక్కొక్కళ్లే భోజనానికి జారుకున్నారు. ఒంటిగంట. ఒంటిగంటా పావు. నా చొక్కా వెనకంతా తడిసిపోయింది.

ఒంటిగంటా ముప్పై రెండుకి నా జేబులో ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది.

నేను చేతిలో బొమ్మ కింద పెట్టాను. "చాలు బావా. నేనే దొంగాటా ఆడలేదు. మీ పుస్తకంలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముడి అక్కదే."

బావ నా వంకే చూశాడు. ఎంతసేపని రాయలేను, ఆ గదిలో అన్నీ కొలిచే మనిషి అతనొక్కడే. తరవాత గోడ గడియారం చూశాడు. అర్థమైంది అతనికి. బండిని తీసుకుని రెండు బొటనవేళ్ల మధ్య పెట్టి నొక్కాడు. తొట్టె నడుం విరిగి ఇరుసులు ఎగిరిపోయాయి. బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

జడ్జిగారు ముక్కలన్నీ ఏరి నాకిచ్చారు. గుర్రాలు నాలుగూ, బండివాడూ దారాలకి వేలాడుతూ ఒక్క గుత్తిలా వచ్చాయి. ఎనిమిది ముడుల్లో ఒక్కటీ ఊడలేదు.

"ఆవిడ క్షేమమేనా?" అన్నారు జడ్జిగారు, అంతకంటే ఏమీ అడగకుండా.

క్షేమమే అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆ ముసలాయన ముందే ఏడ్చాను.

మార్చి 24

బావ పొద్దున వచ్చాడు. ఈసారి దుమ్ము లేస్తుందని గడప బయట ఆగలేదు. రెండు గదులూ చూశాడు. అక్క ముడులు మళ్లీ సాధన చేసిన దారం కుర్చీ చేతికి ఇంకా వేలాడుతుంటే అదీ చూశాడు. ఎక్కడికెళ్లిందని అడిగాడు. చెప్పనన్నాను. తెలీదనలేదు.

మార్చి 26

ఫోన్ మోగితే బావేమో అని చూస్తున్నాను. ఎందుకు చూస్తున్నానో నాకే తెలీదు.

మార్చి 29, శనివారం

క్లబ్బుకి వెళ్లలేదు. షాపునుంచి రాగానే అక్క ఫోన్ చేసింది, కొత్త నంబరు. చేరిందట. మొదటి రోజు చేతులు వణుకుతాయేమో అనుకుందట, వణకలేదట. గదికి రెండు తాళంచెవులిచ్చారట, రెండూ తన దగ్గరే ఉన్నాయట. ఆ మాట రెండుసార్లు చెప్పింది.

నేను ఉండబట్టలేక చెప్పేశాను. "అక్కా, పగ్గాలు విప్పలేదు నేను."

"తెలుసురా."

"ఎప్పుడు తెలుసు?"

"పొద్దున పెట్టెలో పెడుతున్నప్పుడు చూశాగా. నా ముడి నాకు తెలీదా? అందుకే ఆయన బయల్దేరగానే వెళ్లి కాగితాలు మాత్రం తీసుకుని పదకొండింటి బస్సెక్కేశాను. బట్టలు తీసుకోలేదు. అమ్మ ఫొటో హాల్లో పైన ఉంది, కుర్చీ వేసుకుని ఎక్కాలి. టైం లేదు. వదిలేశాను."

"మరి ఒంటిగంటన్నరకి రింగ్ ఇచ్చావు?"

"నీకు చెప్పిన టైం అదే కదా. ముందే ఇస్తే, నువ్వు ఆయనకి చెప్పేస్తావేమోనని."

కోపంగా అనలేదు. బజారుకి పదకొండు నిమిషాలు అన్నట్టే అంది. నేను అర అంగుళం సంగతి చెప్పలేదు. చెబితే నన్ను మెచ్చుకోవాల్సి వస్తుంది తనకి.

పగ్గాలు బాగున్నాయని విప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఆ నాలుగు రోజులూ అదే చెప్పుకున్నాను. అది కాదు. బావ ఆ ముడి చూడాలి, చూసి కరిగిపోవాలి, తప్పయిందని మా ఇంటికి రావాలి, అక్క అతనితో వెళ్లాలి, శనివారాలు మళ్లీ శనివారాల్లా ఉండాలి. నాకు కావలసింది అది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేకపోవడం చూశాక కూడా నాకు కావలసింది అదే. బల్ల దగ్గర బావ కుర్చీ జరిపినప్పుడు గానీ నా మనసులో మాట నాకే తెలీలేదు. తెలిశాక చెయ్యి బండి మీదికి వెళ్లింది. అంతవరకే నా గొప్ప.

రేపు బావ ఇంటికెళ్తాను. అతను ఇంట్లో ఉన్నప్పుడే. అమ్మ ఫొటో ఇవ్వమని అడుగుతాను. ఇవ్వకపోతే సోమవారం మళ్లీ అడుగుతాను.

ఇప్పుడే పేజీలు వెనక్కి తిప్పి, పంతొమ్మిదో తారీకు దగ్గర 'విప్పేశాను' అన్నది కొట్టేసి, పక్కన 'విప్పలేదు' అని రాశాను.